సావిత్రిని కుర్రకారుకు చూపించే పద్ధతి

నల్లకుంటలోని మా ఇంట్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి పాత సినిమాలు వేయడం పదవీ విరమణ తరువాత నాకు పట్టుకున్న పిచ్చి. ప్రేక్షకులు మా మనవరాలు, మాదాపూర్‌లో ఆమెతో పనిచేసే నలుగురు పిల్లలు. సావిత్రిని పరిచయం చేద్దామని మొదట ‘దేవదాసు’ వేసి పెద్ద తప్పు చేశాను. సగం కాకముందే ఇద్దరు ఫోన్లలో మునిగారు, ఒకడు గురక పెట్టాడు. అందుకే ఈ వరుస చెబుతున్నాను.

మొదటి ఆదివారం ‘మాయాబజార్’ (1957). 2010లో రంగులద్దిన ప్రతి కూడా ఉంది గానీ నలుపు తెలుపుదే వేయండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెలుగునీడల మీద రంగులు పూయడం, నా మట్టుకు, ముగ్గు మీద మళ్లీ సున్నం వేయడమే. సావిత్రి వేసింది శశిరేఖ, పాటలో ఆ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని ముందే చెప్పండి. అది తెలియకపోతే ‘అహ నా పెళ్ళియంట’ సగం వృథా. పాట ఒకసారి మామూలుగా వేసి, రెండోసారి శబ్దం పూర్తిగా తీసేయండి. సుశీల గొంతు, నడుమ ఘంటసాల గొంతు వినిపించకపోయినా ఎప్పుడు పెళ్లికూతురో, ఎప్పుడు రాక్షసుడో పిల్లలు చెప్పేయాలి. ముఖం కన్నా ముందు భుజాలు చూడమనండి, తరువాత నడక. ఘటోత్కచుడు వేసిన ఎస్.వి. రంగారావు ఠీవి అంతా ఆ పిల్ల ఒంట్లోకి ఎలా దిగిందో అక్కడే తెలుస్తుంది. మావాళ్లు మూడుసార్లు వేయించుకున్నారు. ఉప్మా చల్లారి గడ్డకట్టింది.

రెండో వారం ‘మిస్సమ్మ’ (1955). మేరీ వేషం మొదట భానుమతిది. అది సావిత్రికి రావడంతో, సావిత్రికి అనుకున్న చెల్లెలి వేషం జమునకు వెళ్లింది. ఉద్యోగం కోసం ఎవరికో భార్యనని అబద్ధమాడవలసి వచ్చిన పంతులమ్మ చిరాకు చూడండి. తను నవ్వదు, మనల్ని నవ్విస్తుంది.

మూడో వారం ‘దేవదాసు’ (1953). ఇప్పుడు ఎవరూ నిద్రపోరు. పార్వతి వేసేనాటికి ఆమెకు ఇరవై నిండలేదని మాత్రం చెప్పి ఊరుకోండి. నాలుగో వారం ‘మూగ మనసులు’ (1964).

జీవిత కథ ముందుగా చెప్పకండి. ఆమె జీవితం మీద తీసిన ‘మహానటి’ చూసినవాళ్లు మొదటి రోజే చివరి రోజుల గురించి అడుగుతారు. “నాలుగో వారం” అని టీ అందించండి. ముందే జాలి పడితే ఇక నటన కనిపించదు.

నాలుగో వారం నేనూ చెప్పాను: గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టడం, 1968లో ‘చిన్నారి పాపలు’కు తనే దర్శకత్వం వహించడం, పందొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి 1981 డిసెంబరు 26న వెళ్లిపోవడం. అయిదుగురిలో ఒక్కరూ మాట్లాడలేదు. కాసేపటికి మనవరాలు లేచి ‘అహ నా పెళ్ళియంట’ మళ్లీ పెట్టింది, ఈసారి శబ్దం బాగా పెంచి.