విదేశీ పల్లెల్లో ఉచిత వైద్య సేవకు వెళ్లదలచిన ఓరుగల్లు వైద్య సిబ్బందికి సూచనలు

కాకతీయ వైద్య కళాశాలలో చదువుకున్న వైద్యులు, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసి చేయి తిరిగిన నర్సులు, ఫార్మసిస్టులు ఏ ఉగాండాలోనో నేపాల్‌లోనో వైద్యం అందని పల్లెలకు వెళ్లి కొన్నాళ్లు ఉచితంగా సేవ చేయాలనుకోవడం మెచ్చుకోదగినది. అయితే మనం అక్కడ ఉండేది రెండు మూడు వారాలే కాగా, రోగికి బీపీ, షుగర్ జీవితాంతం ఉంటాయి. అందువల్ల మనం తిరుగు ప్రయాణం కట్టాక ఆ రోగిని ఎవరు చూస్తారో తేల్చుకున్న తర్వాతే మిగతా ఏర్పాట్లకు పూనుకోవాలి.

పిలిచిన సంస్థను ముందుగానే కొన్ని విషయాలు అడగండి. శిబిరం సంగతి అక్కడి ఆరోగ్య శాఖకు తెలుసా, రోగుల వివరాలు ఏ ఆసుపత్రిలో ఉంచుతారు, ఆపరేషన్ అవసరమైన వారిని ఎక్కడికి పంపుతారు, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవాటికి సూటిగా జవాబు చెప్పలేని సంస్థతో వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మన రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన మరో దేశంలో మందు చీటీ రాసే అధికారం రాదు. ఆ దేశపు కౌన్సిల్ నుంచి తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. దానికి సాధారణంగా డిగ్రీ పత్రాలతో పాటు ఇక్కడి కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని, క్రమశిక్షణ చర్యలేవీ లేవని తెలిపే పత్రం) కూడా అడుగుతారు. వైద్య విద్యార్థులైతే ఇక్కడ తమకు అనుమతి లేని ఏ పనినీ అక్కడ చేయకూడదు. పేదవారి ఒంటి మీద పని నేర్చుకోవడం సేవ కాదు.

ఉగాండా, కెన్యా వంటి దేశాలకు వెళ్లేవారికి ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో దీన్ని వేస్తారు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుబాటులోకి వస్తుంది కనుక చివరి వారం దాకా ఆగవద్దు. సర్టిఫికెట్ లేకుండా తిరిగి వచ్చేవారిని మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపే అవకాశం ఉంది. మలేరియా నివారణకు డాక్సీసైక్లిన్ వాడేవారు ఆ ప్రాంతం విడిచాక కూడా 4 వారాలు కొనసాగించాలి.

మందుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం, విరాళంగా ఇచ్చే మందులకు అక్కడికి చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. ఇక్కడ మిగిలిపోయిన శాంపిళ్లు పెట్టెల్లో నింపి తీసుకెళ్లే బదులు, ఆ దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటినే, వీలైతే అక్కడే కొనడం మేలు. పది రోజుల బీపీ మాత్రలు చేతిలో పెట్టి, పదకొండో రోజు అవి దొరకని మందైతే, ఆ రోగికి మనం చేసిన ఉపకారం ఏమీ లేదు.

వెళ్లే ముందు తాడ్వాయి, ఏటూరునాగారం వైపు కోయ గూడేల్లో స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అనుమతితో నాలుగైదు శిబిరాల్లో పనిచేయండి. మేడారం జాతర వైద్య శిబిరాల్లో పనిచేసినవారికి క్యూ నడపడం వేరుగా నేర్పనక్కర్లేదు. ఎండలో మైళ్ల దూరం నడిచి వచ్చిన అవ్వకు వెంటనే బీపీ చూస్తే అంకె ఎక్కువే వస్తుంది. ఆమెను 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చేతిని గుండె ఎత్తున ఉంచి, మాట్లాడించకుండా రెండుసార్లు చూడాలి. చదువు రాని వారికి మందు కవరు మీద పొద్దున మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీసి ఇచ్చి, ఎలా వేసుకుంటారో తిరిగి వారి నోటనే చెప్పించాలి. దుబాసీగా ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తను పెట్టుకోవాలి తప్ప, రోగి పిల్లలను కాదు. బిడ్డ ముందు ఏ తల్లీ తన లోపలి బాధ చెప్పుకోదు. అడగకుండా ఫొటోలు తీయరాదు.

చివరి రోజు మధ్యాహ్నానికే కొత్త రోగులను చూడటం ఆపి, మిగిలిన సమయాన్ని అప్పగింతకు కేటాయించండి. ఎవరికి ఏ మందు మొదలుపెట్టాం, ఎవరిని ఎప్పుడు మళ్లీ చూడాలి అన్నది రెండు ప్రతులుగా రాసి, స్థానిక నర్సుతో కూర్చుని ఒక్కొక్క పేరూ చదివి అప్పగించాలి. వాడిన సూదుల డబ్బాలను భస్మం చేసే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి మీరే దగ్గరుండి చేర్చాలి.