ఇంట్లో వైఫై అందకపోతే: ముందు కొలవండి, తర్వాతే కొనండి

నెట్ నెమ్మదించగానే కొత్త రౌటర్ కొనాలనిపిస్తుంది. నెమ్మదించింది వైఫైయా, బయటి నుంచి వచ్చే లైనా అన్నది తేలకుండా ఏది కొన్నా రోగం ఒకటి, మందు మరొకటి అవుతుంది. తేల్చుకోవడానికి ఒక ల్యాప్‌టాప్, ఒక ల్యాన్ కేబుల్, పది నిమిషాలు చాలు.

ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, రౌటర్ వెనకున్న ల్యాన్ పోర్టుకు కేబుల్‌తో కలపండి. మిగతా పరికరాలను కాసేపు నెట్ నుంచి తప్పించి, స్పీడ్ టెస్ట్ మూడుసార్లు చేయండి. ప్లాన్‌లో చెప్పిన వేగానికి దగ్గరగా వస్తే లైను బాగున్నట్టే, లోపం వైఫైలో ఉంది. కేబుల్‌తోనూ రాకపోతే రౌటర్‌ను ఎక్కడికి జరిపినా లాభం లేదు. ఫైబర్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలుగుతుంటే అసలు టెస్టే అక్కర్లేదు. సిగ్నల్ మోసుకొచ్చే కాంతి బాక్సు దాకా రావట్లేదని దానర్థం. ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూసి, కనెక్షన్ ఇచ్చినవాళ్లను పిలవండి.

ఇక్కడే చాలామందికి తెలియని గుర్తు ఒకటుంది. ప్లాన్ 200 ఎంబీపీఎస్ అయినా, ఎన్నిసార్లు చూసినా 93, 94 దగ్గరే ఆగిపోతుంటే దారిలో ఎక్కడో ఒక లింకు 100కు దిగిపోయింది. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. ఒక్క తీగ తెగినా, కనెక్టర్‌లో సరిగ్గా కూర్చోకపోయినా చాలాసార్లు మిగిలిన వాటితో 100కు సర్దుకుంటుంది. క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కేబుల్ వేసి చూడండి. ఫైబర్ బాక్సు నుంచి రౌటర్‌కు వెళ్లే పొట్టి కేబుల్‌ను ఎవరూ అనుమానించరు, ముందు దాన్నే మార్చండి. రౌటర్ పోర్టులే 100వి అయితే మాత్రం రౌటర్ మార్చక తప్పదు.

లైను బాగుందని తేలాక ఇంట్లో సిగ్నల్ కొలవాలి. ఫోన్ తెర మీద కనిపించే గీతలు సరిపోవు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ రకం యాప్ వేసుకుంటే సిగ్నల్ బలం డీబీఎం అనే కొలతలో కనిపిస్తుంది. అవి మైనస్ అంకెలు, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50 చాలా మంచిది. వీడియో కాల్ తెగకుండా సాగాలంటే మైనస్ 67 దాకా ఉండాలి. మైనస్ 80 దగ్గర వైఫై పేరు కనిపిస్తుందే గానీ పని జరగదు. మూడు డీబీ తగ్గితే బలం సగం అయినట్టే కాబట్టి 67కూ 73కూ తేడా చిన్నది కాదు. గదిగదికీ వెళ్లి అంకె, వేగం రెండూ రాసుకోండి. అంకె బాగా లేకపోతే సమస్య దూరం, గోడలు. అంకె బాగుండి వేగం లేకపోతే సమస్య రద్దీ. రెంటికీ మందులు వేరు.

మొదటిదానికి మందు రౌటర్‌ను జరపడమే. ఇంటి మధ్యలో, మనిషి ఛాతీ ఎత్తుకు పైన, ఏ అడ్డూ లేకుండా ఉంచాలి. టీవీ వెనక, ఇనప బీరువా పక్కన, చెక్క అరలో తలుపు వేసి పెట్టకూడదు. లోహం సిగ్నల్‌ను వెనక్కి తిప్పేస్తుంది, నీళ్లు పీల్చేసుకుంటాయి. అద్దం వెనక లోహపు పూత ఉంటుందన్నది మరిచిపోకండి, నిలువుటద్దం కూడా అడ్డే. సిగ్నల్ గోడను ఏటవాలుగా దాటాల్సి వస్తే అంతే గోడ మరింత మందమవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లే, అందుకే జానెడు జరిపినా అంకె మారిపోతుంది.

యాంటెన్నా ఇరుసైతే సిగ్నల్ చక్రం. చుట్టూ పరుచుకుంటుంది, కొస నుంచి మాత్రం చాలా తక్కువ వెళ్తుంది. కాబట్టి కొసను గది వైపు గురిపెట్టడం తప్పు. ఒకే అంతస్తు అయితే అన్నీ నిలువుగా ఉంచండి, పై అంతస్తుకూ కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టండి.

రౌటర్‌లో పవర్ పెంచితే పోదా అంటారు. పోదు. రౌటర్ మాట ఫోన్‌కు వినిపించడమే కాదు, ఫోన్ జవాబు కూడా రౌటర్‌కు చేరాలి. ఫోన్ యాంటెన్నా చిన్నది, పవర్ తక్కువ. గీతలు నిండుగా కనిపిస్తూ పేజీ తెరుచుకోకపోవడానికి ఇదొక కారణం.

ఇక రద్దీ. ఇంటి వైఫై ఎక్కువగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో నడుస్తుంది, ఒక్కో బ్యాండ్‌లో ఛానెళ్లనే దారులుంటాయి. 2.4 బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి ఒరుసుకోని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. ఖాళీగా ఉందని 3 ఎంచుకుంటే 1 మీదివాళ్లకూ 6 మీదివాళ్లకూ మీరు రొద, మీకు వాళ్లిద్దరూ రొద. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరు విని వంతులవారీగా మాట్లాడుకుంటాయి, సగం సగం కలిసినవి అలా చేయలేవు. ఈ బ్యాండ్‌లో ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు మించి పెట్టకండి. దగ్గర్లో ఉన్న ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. అక్కడ చోటెక్కువ, 80 మెగాహెర్ట్జ్ వెడల్పు వాడుకోవచ్చు. గోడలు దాటే శక్తి మాత్రం తక్కువ. 5లో 52 నుంచి 144 దాకా ఛానెళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ వినిపిస్తే రౌటర్ ఆ ఛానెల్ వదిలేయాలి, అప్పుడు కాసేపు నెట్ పోతుంది. అలా తరచూ జరుగుతుంటే 36కు మారండి. మైక్రోవేవ్ ఓవెన్ నడిచినప్పుడు 2.4 కుంటుపడుతుంది, రౌటర్‌ను దానికి దూరంగా ఉంచాలి. ల్యాప్‌టాప్‌కు తగిలించిన యూఎస్‌బీ 3 డిస్కు కూడా అదే బ్యాండ్‌లో రొద పెడుతుంది.

సెక్యూరిటీ సెట్టింగ్‌లో టీకేఐపీ అనే పాత గుప్తీకరణ పద్ధతి ఉంటే ఏఈఎస్‌కు మార్చండి. టీకేఐపీతో వేగం 54 ఎంబీపీఎస్ దాటదు.

ఇవన్నీ చేశాక కూడా ఒక గది మిగిలిపోతే, అప్పుడు కొనుగోలు గురించి ఆలోచించవచ్చు. సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె అయిన రిపీటర్‌ను అందరూ సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. దానికే అందనిది అదేం పంచుతుంది? రౌటర్‌కూ ఆ గదికీ నడుమ, సిగ్నల్ మైనస్ 65 గానీ అంతకన్నా బలంగా గానీ ఉన్న చోట పెట్టాలి. ఒకే రేడియోతో వింటూ పంపుతూ ఉండే రిపీటర్ అయితే వేగం దాదాపు సగమవుతుంది. ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెల మెష్ సెట్లలోనూ పెట్టెల మధ్య కేబుల్ వేయగలిగితేనే పూర్తి ఫలితం.

కేబుల్ లాగే వీలుంటే అన్నిటికన్నా మంచి దారి పాత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే కేబుల్‌తో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే పెట్టెగా మార్చుకోవడం. దాన్ని రీసెట్ చేసి, మెయిన్ రౌటర్‌కు కలపకుండా ఒక్క ల్యాప్‌టాప్‌కే కేబుల్‌తో కలపండి. సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది ఎంచుకుంటే చాలు. లేకపోతే మెయిన్ రౌటర్ అడ్రసు 192.168.1.1 అయినప్పుడు దీనికి 192.168.1.2 ఇవ్వండి, మెయిన్ రౌటర్ పంచే అడ్రసుల వరుసలో ఆ అంకె లేకుండా చూసుకోండి. కొత్త అడ్రసుతో మళ్లీ లాగినై, పరికరాలకు అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేయండి. ఇది మరిచిపోతే ఇద్దరూ అడ్రసులు పంచడం మొదలుపెడతారు, కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నిటికి రాదు. తర్వాత మెయిన్ రౌటర్ ల్యాన్ పోర్టు నుంచి దీని ల్యాన్ పోర్టుకు కేబుల్ వేయాలి, బయటి లైను కలిపే వ్యాన్ పోర్టుకు కాదు. 100 మీటర్ల దాకా వేగం తగ్గదు.

వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం రెంటికీ ఒకటే పెట్టి, 2.4లో ఒకదానికి 1, రెండోదానికి 11 ఇవ్వండి. గది మారినా ఫోన్ పాత పెట్టెనే పట్టుకుని వేలాడుతుంటే రెంటి పవర్‌నూ ఒక మెట్టు తగ్గించండి. పాతది త్వరగా బలహీనపడితే ఫోన్ దాన్ని వదిలి దగ్గరిదాన్ని అందుకుంటుంది.