కంగ్‌హనెద్ కుదరడం లేదా? వెల్ష్ ఛందస్సు నేర్చేవారి తప్పులు, దిద్దుబాట్లు

సమస్య: హల్లులన్నీ సరిపోయాయి, అయినా పాదం తప్పంటున్నారు.

కారణం దాదాపు ఎప్పుడూ ఊనికే (పదంలో నొక్కి పలికే చోటు). మన యతి, ప్రాసలకు ఒక్కో స్థానం చూసుకుంటే చాలు. కంగ్‌హనెద్ అంటే వెల్ష్ పద్యపాదం లోపల ధ్వనులు కలిపే నియమం. కంగ్‌హనెద్‌లోని క్రోయిస్ రకంలో మొదటి సగం హల్లులన్నీ రెండో సగంలో అదే వరుసలో రావాలి. ఊనికకు ముందువి ముందే, తర్వాతవి తర్వాతే ఉండాలి. ‘టేగ్ ఎడ్రిఖ్ | టీయగ్ అడ్రెవ్’ అనేది పాత సామెత (ఇంటివైపు చూపు ఎంత హాయి!). ఏడక్షరాలు. ఊనిక ‘ఎ’ మీద, ‘అ’ మీద. ముందు ట-గ, తర్వాత డ్ర, రెండు వైపులా అంతే. చివరి ఖ, వ కలవనక్కర్లేదు. ‘అడ్రెవ్’ బదులు ‘ఎ డ్రెవ్’ (ఆ ఊరు) పెట్టి చూడండి, వ్యాకరణం సంగతి అటుంచి. హల్లులు అవే, కానీ డ్ర ఊనికకు ముందుకు జరిగింది. ఈ దోషం పేరు ‘క్రిఖ్ అ ల్లివ్న్’.

పరిష్కారం: పాదం కింద హల్లులు మాత్రమే రాసి, ఊనిక ఉన్నచోట నిలువు గీత గీయండి. పైకి చదవకుండా సరిచూడొద్దు.

సమస్య: వ్యాకరణం దిద్దగానే హల్లు మారిపోయింది.

వెల్ష్‌లో ముందున్న మాటను బట్టి పదం తొలి హల్లు మారుతుంది. ‘టీ’ అంటే ఇల్లు. నీ ఇల్లు ‘డె డీ’, ఆమె ఇల్లు ‘ఎయ్ థీ’, నా ఇల్లు ‘వె న్హీ’. ‘పూచెను గలువలు’ అనే సరళాదేశం తెలిసినవారికి ఇది వింతేమీ కాదు. మార్పు జరిగిన రూపాన్నే ముందు రాసుకుని, ఆ తర్వాత జత వెతకండి.

సమస్య: కాగితం మీద కలిసింది, చెవికి కలవలేదు.

వెల్ష్ లిపిలో జంట అక్షరాలు చాలావరకు ఒకే ధ్వని. ‘వ’ ధ్వనికి రాసే అక్షరాన్ని ఇంగ్లీషు అలవాటుతో ‘ఫ’ అని చదివేస్తాం. తెలుగు లిపిలో రాసుకుంటే సగం తప్పులు పోతాయి. హ-కారాన్ని వదిలేయొచ్చు.

సమస్య: ఎంగ్లిన్‌లో (నాలుగు పాదాల వెల్ష్ పద్యం) 30 అక్షరాలూ (10, 6, 7, 7) ఉన్నాయి, అయినా కుదరలేదు.

మొదటి పాదంలో అంత్యప్రాసను పదో అక్షరంలో పెట్టి ఉంటారు. అది 7, 8, 9లలో ఎక్కడో పడాలి; మిగిలిన తోక రెండో పాదం మొదటి భాగంతో హల్లులు కలపాలి. చివరి రెండు పాదాల్లో ఒకటి ఊనికతో, మరొకటి ఊనిక లేకుండా ముగియాలి.

సమస్య: అసలు పాదమే పుట్టడం లేదు.

కంగ్‌హనెద్‌లో మరో రకమైన లిస్గ్‌తో మొదలుపెట్టండి, అన్నిటికంటే సులువు. ‘దౌర్ హావ్ ఇ లన్ ఎర్ ఆవొన్’ (ఏటి ఒడ్డుకు వేసవి వస్తుంది): ‘హావ్’ వెళ్లి ‘ఆవొన్’లో ఊనిక పడ్డ ‘ఆవ్’తో ప్రాస కలిపింది, అంతే. అయితే కవిద్ (ఏడక్షరాల పాదాల వెల్ష్ ఛందస్సు) ద్విపద రెండో పాదంలో లిస్గ్ చెల్లదు.