మగవాళ్లకు ఛాతీ పెరుగుతుంటే: గ్రంథా, కొవ్వా, మాత్రల ప్రభావమా?

పదమూడేళ్ల వయసులో మా మేనల్లుడు మే నెల ఎండల్లో కూడా చొక్కా కింద రెండు బనియన్లు వేసుకునేవాడు. స్కూల్ బ్యాగు వీపుకు తగిలించుకోకుండా గుండెలకు హత్తుకుని నడిచేవాడు. ఈతకు రమ్మంటే జలుబు చేసిందనేవాడు. ఛాతీ పెరుగుతున్న సంగతి వాళ్లమ్మకు తెలిసేసరికి ఏడాది గడిచింది. అన్నాళ్లూ ఆ టెన్షన్ ఒక్కడే మోశాడని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఎందుకంటే అది ఆ వయసులో ఎంతోమంది అబ్బాయిలకు వచ్చేదే. డాక్టర్లు గైనకోమాస్టియా అంటారు. మగవాళ్ల ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ కొంత ఉంటుంది. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌తో దాని తూకం తప్పితే రొమ్ములోని గ్రంథి పెరుగుతుంది.

ముందు తేల్చుకోవాల్సింది

వెల్లకిలా పడుకుని ఒక చేయి తల కింద పెట్టుకోండి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు రొమ్ముకు చెరోపక్క ఆనించి, మెల్లగా చనుమొన వైపు దగ్గరకు తీసుకురండి. సరిగ్గా చనుమొన కింద రబ్బరు బిళ్లలాంటిది వేళ్లకు తగిలితే అది గ్రంథి. నొక్కితే నొప్పి కూడా ఉండొచ్చు. ఏమీ అడ్డం తగలకుండా అంతా మెత్తగా ఉంటే కొవ్వు. కొవ్వయితే ఒళ్లు తగ్గితే తగ్గుతుంది. గ్రంథి మాత్రం ఎన్ని పుషప్స్ తీసినా కరగదు. చాలామంది ఈ తేడా తెలియక జిమ్‌లో నెలల తరబడి కష్టపడి, చివరికి తమనే తిట్టుకుంటారు. లావుగా ఉన్నవాళ్లలో రెండూ కలిసే ఉండొచ్చు, వేళ్లకు తేలకపోతే అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది.

టీనేజ్ అబ్బాయికి చనుమొన కింద గడ్డ, నొప్పి

కారణం యుక్తవయసు హార్మోన్లు. ఒకవైపే రావచ్చు, రెండువైపులా హెచ్చుతగ్గులుగా రావచ్చు. చాలామందిలో ఆరు నెలల నుంచి రెండేళ్లలో దానంతటదే పోతుంది. ఇక్కడ అసలు మందు ఆగడమే. దానితోపాటు ఇంట్లో ఎవరో ఒకరు "ఇది మామూలేరా, పోతుంది" అని వాడికి చెప్పాలి. ఆ మాట నాన్న నోట వస్తే ఇంకా మంచిది.

ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. యుక్తవయసు లక్షణాలు ఇంకా మొదలవని చిన్న పిల్లాడికి వచ్చినా, రెండేళ్లు దాటినా తగ్గకపోయినా ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించండి. బాగా పొడవు పెరిగి, వృషణాలు మాత్రం చిన్నగా, గట్టిగా ఉంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ కావచ్చు. అంటే ఎక్స్ క్రోమోజోమ్ ఒకటి అదనంగా ఉండటం. రక్తపరీక్షలో తేలుతుంది.

పసిబిడ్డ రొమ్ములు ఉబ్బి, పాలచుక్క వస్తే

కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి చేరిన హార్మోన్ల వల్ల ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా ఇలా అవుతుంది. సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నూనె రాసి స్నానం చేయించేటప్పుడు "పాలు పిండేయాలి" అని నొక్కే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు కానీ, దయచేసి పిండనివ్వకండి. ఇన్‌ఫెక్షన్ సోకి చీము పట్టవచ్చు. ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పెద్దవాళ్లలో కొత్తగా మొదలైతే

ముందు రోజూ వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ మంచం మీద పరవండి. గుండె జబ్బుకూ, లివర్ జబ్బులో పొట్టలో నీరు చేరినప్పుడూ ఇచ్చే స్పైరోనోలాక్టోన్, ప్రోస్టేట్‌కో జుట్టు రాలడానికో వాడే ఫినాస్టెరైడ్, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు వాడే బైకాలుటమైడ్, మానసిక సమస్యలకు ఇచ్చే రిస్పెరిడోన్. వీటిలో ఏది కనిపించినా సొంతంగా ఆపేయకుండా రాసిన డాక్టరును అడగండి. చాలాసార్లు బదులు మందు ఉంటుంది. జిమ్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించుకుని ఉంటే అదీ దాచకండి. ఏళ్ల తరబడి తాగుడు, లివర్ సిర్రోసిస్, కిడ్నీ వైఫల్యం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా కారణాలే. డాక్టరు వృషణాలు కూడా పరీక్షిస్తానంటే సిగ్గుపడి వద్దనకండి. అక్కడి కణితి కొన్నిసార్లు ఛాతీ వాపుతోనే బయటపడుతుంది.

కొత్తగా వచ్చిన గ్రంథి కారణం తొలగిస్తే నెలల్లో తగ్గవచ్చు. నొప్పి ఎక్కువగా ఉంటే కొందరికి ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మాత్రలు రాస్తారు. ఏడాది దాటితే అది పీచులా గట్టిపడుతుంది, అప్పుడు మందులతో పెద్దగా ఫలితం ఉండదు. అలాంటప్పుడు ఆపరేషన్‌లో చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం అంచున చిన్న కోత పెట్టి గ్రంథి తీస్తారు, కొవ్వుంటే లైపోసక్షన్ చేస్తారు, అంటే సన్న గొట్టంతో పీల్చేస్తారు. తర్వాత కొన్ని వారాలు బిగుతు బనియన్ వేసుకోవాలి.

గడ్డ రాయిలా గట్టిగా, ఒకవైపే, చనుమొనకు పక్కగా ఉన్నా, చనుమొన లోపలికి లాగినట్టున్నా, రక్తం కారినా, చర్మం సొట్టబడినా, చంకలో బిళ్ల కట్టినా అది వేరే లెక్క. రొమ్ము క్యాన్సర్లలో నూటికి దాదాపు ఒకటి మగవాళ్లలోనే వస్తుంది. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) ఆ వారంలోనే చేయించండి.