టెస్టింగ్ లైబ్రరీ రాద్దాం – ఆరో భాగం: 1.0 ఎప్పుడు ఇవ్వాలి?

పోయిన భాగంలో మన టెస్టింగ్ లైబ్రరీని, అంటే ప్రోగ్రాము సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు రాయడానికి పనికొచ్చే కోడ్‌ని, 0.9 వెర్షన్ దాకా తెచ్చాం. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు రాసే ప్రోగ్రాముల్లో తెలుగు పేర్లు, ఒడియా ఊళ్లు ఒకే జాబితాలో కలిసి వస్తుంటాయి. వాటిని సరిపోల్చే టెస్టుల కోసమే ఈ లైబ్రరీ. ఇప్పుడు దానికి 1.0 ఇవ్వవచ్చా అన్నది ప్రశ్న.

వెర్షన్ అంకెలు ఎలా వేయాలో చెప్పే సెమాంటిక్ వెర్షనింగ్ అనే పద్ధతి ప్రకారం మొదటి అంకె 0 ఉన్నంతకాలం ఏదైనా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. 1.0 ఇచ్చాక పాత కోడ్‌ని విరగ్గొట్టే మార్పు చేస్తే 2.0కి వెళ్లాల్సిందే. మామూలు లైబ్రరీలో ఫంక్షన్ పేర్లు, అవి తీసుకునే విలువలు స్థిరపడితే చాలావరకు పని అయినట్టే. టెస్టింగ్ లైబ్రరీకి అది చాలదు. సరుకు పాడైతే కొన్నవాడికి తెలుస్తుంది, తక్కెడ తప్పు చూపిస్తే ఎవరికీ తెలియదు. అందుకని ఏది పాస్, ఏది ఫెయిల్ అన్న తీర్పు కూడా మనం ఇచ్చే మాటలో భాగమే.

'పైడమ్మ' అన్న పేరు తీసుకోండి. అక్షరాలకూ గుర్తులకూ కంప్యూటర్‌లో ఒక్కో సంఖ్య (కోడ్) ఇచ్చే యూనికోడ్‌లో ఆ ఐత్వం ఒకే కోడ్‌గా ఉండొచ్చు. ఎత్వం గుర్తు ఒకటి, ఐత్వం కింది గుర్తు ఒకటి, ఇలా రెండు కోడ్‌లుగానూ ఉండొచ్చు. 'గోపాలపూర్'ని ఒడియాలో రాసినా ఇదే తంతు: అక్కడి ఓత్వం ఒక్క కోడ్ కావచ్చు, ఏత్వం, దీర్ఘం కలిపి రెండూ కావచ్చు. తెర మీద తేడా కనిపించదు. మరి మన 'సమానం' ఫంక్షన్ వీటిని ఒకటే అనాలా, వేరు అనాలా?

ఈ ప్రశ్నకు జవాబు రాసిపెట్టుకోకుండా 1.0 ఇవ్వకూడదు. ఇప్పుడు 'వేరు' అని, 1.1లో 'ఒకటే' అన్నామనుకోండి. ఒక్క ఫంక్షన్ పేరూ మారదు, కానీ ఎవరిదో ఫెయిల్ కావాల్సిన టెస్టు చప్పుడు లేకుండా పాస్ అయిపోతుంది. నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను: మామూలుగా 'వేరు' అనే చెప్పాలి, ఎర్రర్ మెసేజ్‌లో రెండిటి కోడ్‌లూ చూపించాలి. రెండు రూపాలనూ ఒకటిగా మార్చి పోల్చడానికి వేరే ఫంక్షన్ ఇవ్వాలి. తప్పుడు ఫెయిల్ వస్తే మనిషి వెతుకుతాడు. తప్పుడు పాస్‌ని ఎవరూ వెతకరు.

ఒక్క టెస్టూ దొరకకపోతే ఏం చేయాలో కూడా ముందే తేల్చాలి. పొరపాటున టెస్టులు లేని ఫోల్డర్ పేరు ఇస్తే జరిగేది ఇదే. పైథాన్ టెస్టులు నడిపే పైటెస్ట్ అప్పుడు ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాము ముగిసేటప్పుడు ఫలితంగా ఇచ్చే అంకె) 5 ఇస్తుంది. పైథాన్‌తో వచ్చే యూనిట్‌టెస్ట్ మాత్రం చాలా ఏళ్లు 0, అంటే 'అంతా బాగుంది' అనే చెప్పింది. 2023లో వచ్చిన పైథాన్ 3.12తోనే అదీ 5కి మారింది. మనం మొదటి రోజు నుంచే 5 ఇద్దాం.

అన్నీ ఒకేసారి స్థిరపడాలని టెన్షన్ వద్దు. జావా టెస్టింగ్ లైబ్రరీ జేయూనిట్ 5 స్టేబుల్‌గా 2017 సెప్టెంబర్‌లో వచ్చింది. ఒకే టెస్టును రకరకాల విలువలతో నడిపే సదుపాయం మీద మాత్రం 'ప్రయోగాత్మకం' అన్న ముద్ర అలాగే ఉంచారు. 2020లో 5.7 వచ్చినప్పుడు గానీ దాన్ని స్టేబుల్ అనలేదు. మన లైబ్రరీలో తేదీలను పోల్చే భాగానికీ 'ప్రయోగాత్మకం' ముద్రే వేద్దాం.

తర్వాత రిలీజ్ క్యాండిడేట్, అంటే 1.0కి ముందు వాడి చూడటానికి ఇచ్చే వెర్షన్. స్టేబుల్ వెర్షన్ ఒకటి ఉంటే, ప్రత్యేకంగా అడగనిదే పైథాన్ లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ ఈ ముందస్తు వెర్షన్లను వేయదు. కాబట్టి దాన్ని వాడి చూడమని తెలిసినవాళ్లను మనమే అడగాలి.

వచ్చే భాగంలోపు చేయాల్సిన పని: లైబ్రరీలోని ఒక్కో పోలికను కావాలని చెడగొట్టి, మన సొంత టెస్టులు దాన్ని పట్టుకుంటాయో లేదో చూడండి. ఆ టెస్టులను మన లైబ్రరీతోనే నడపకండి. చెడగొట్టిన లైబ్రరీని వేరే ప్రాసెస్‌లో, అంటే విడి ప్రోగ్రాముగా నడిపి, దాని ఎగ్జిట్ కోడ్ చూడండి. పట్టుకోనివన్నీ రాసి ఉంచండి, ఏడో భాగం వాటితోనే మొదలవుతుంది.