కుక్క విరేచనంలో తేడా కనిపిస్తే ఏం చూడాలి, ఏం చేయాలి?

మాది ఒడిశాలోని రాయగడ. మా రాజుగాడికి ఆరేళ్లు, నాటుకుక్క. వాడి ఒంట్లో ఏదైనా తేడా వస్తే ముందుగా తెలిసేది పొద్దున్నే వాడు బయటికి వెళ్లినప్పుడే.

1. మామూలుగా ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోండి. వారం రోజులు రోజూ చూడండి. గోధుమ రంగులో, ముద్దగా, ఎత్తితే ఆకారం చెడకుండా ఉంటే బాగున్నట్టే. ఇది తెలిస్తేనే తేడా పట్టుకోగలరు.

2. రంగు చూడండి. ఎర్రటి రక్తం కనిపిస్తే గాయమో వాపో ఎక్కువగా పెద్దపేగులో, చివరి భాగంలో ఉంటుంది. తారులా నల్లగా, జిగటగా ఉంటే కడుపులోనో చిన్నపేగులోనో కారిన రక్తం అరిగి బయటికి వస్తోందేమో అనుకోవాలి. ఇది మరీ ప్రమాదం. ఐరన్ టానిక్ వాడినా నల్లబడుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. మట్టిలా పాలిపోతే పైత్యరసం పేగులోకి దిగడం లేదేమో చూపించాలి.

సుద్దముక్కలా తెల్లగా పొడిబారితే ఎముకలు ఎక్కువయ్యాయి. ఒక ఆదివారం కోడికూరలో మిగిలిన ఎముకలన్నీ రాజుగాడికే వేశాం. తర్వాత రెండు రోజులు వీపు వంచి ముక్కుతూ, మా వైపు చూస్తూ నిలబడేవాడు. ఆ చూపు నేను మర్చిపోలేదు. ఉడికిన ఎముక సూదుల్లా విరిగి పేగుని చీల్చగలదు. అప్పటినుంచి మా ఇంట్లో ఎముకలు బంద్.

3. పురుగులు వెతకండి. తోక కింద బొచ్చుకి బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు. తాజాగా ఉంటే కదులుతాయి కూడా. బొచ్చులో గెంతే చిన్న నల్ల పురుగుల్ని కుక్క నాకి మింగితే ఇవి వస్తాయి, అందుకే మందు రెంటికీ వేయాలి. కుక్కపిల్లలకి రెండు వారాల వయసు నుంచి పన్నెండు వారాల దాకా రెండు వారాలకోసారి, పెద్దవాటికి సాధారణంగా మూడు నెలలకోసారి నులిపురుగుల మందు పడాలి. కొంకిపురుగు పిల్లలు మట్టిలోంచి మన కాళ్లకీ ఎక్కుతాయి. పెరట్లో చెప్పుల్లేకుండా ఆడే పిల్లలున్న ఇంట్లో ఇది మానొద్దు.

4. ఇంట్లో ఏం చేయొచ్చు? పెద్ద కుక్క హుషారుగా ఉండి, మోషన్ మాత్రమే పల్చగా అవుతుంటే పన్నెండు గంటలు తిండి ఆపండి, నీళ్లు ఆపొద్దు. తర్వాత మెత్తటి అన్నంలో ఎముక లేని ఉడికించిన కోడిమాంసం కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి. ఉప్పు, నూనె, మసాలా వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి తగిలిన మిగులు పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) అసలే వద్దు, అవి కుక్క ఎర్ర రక్తకణాల్ని నాశనం చేస్తాయి. మనం వేసుకునే మాత్రలు వేయొద్దు.

5. ఆలస్యం చేయకూడనివి. టీకాలు పడని కుక్కపిల్ల వాంతులు చేసుకుంటూ, భరించలేని కంపుతో రక్త విరేచనాలు అవుతుంటే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. గంటలు లెక్కే. కుక్కపిల్లల్ని పస్తు ఉంచకూడదు. చిగుళ్లు తెల్లబడినా, వీపు మీద చర్మం లాగి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, ఒక రోజు దాటినా తగ్గకపోయినా పశువైద్యశాలకి వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఆ పూట మలం కొంచెం శుభ్రమైన డబ్బాలో తీసుకెళ్లండి, ఫోన్లో ఫోటో కూడా ఉంచుకోండి. డాక్టరుగారు ఒడియా మాట్లాడేవారైతే మూడు మాటలు చాలు: విరేచనాలకి ‘ఝాడా’, వాంతికి ‘బాంతి’, రక్తానికి ‘రక్త’. ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు అయింది, ముందురోజు ఏం తిన్నది కాగితం మీద రాసి చేతికివ్వండి.