బుసువాలో సర్ఫింగ్‌కి వెళ్లే ముందు జాగ్రత్తలు

ఘనా పశ్చిమ తీరంలోని బుసువాకి బ్యాగు సర్దేముందు ఇవి చూసుకోండి.

• ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు.

• మలేరియా మాత్రలు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. ఇంటికొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు మింగాల్సిందే. దోమతెర బరువనుకోకండి.

• చిల్లర సేడీలు (ఘనా డబ్బు) దారిలో వచ్చే తకోరాడి నగరంలోనే తీసుకోండి. అక్కణ్ణుంచి అగోనా ఊరి దాకా ట్రోట్రో (అక్కడి షేర్ మినీబస్సు), ఆపైన బుసువాకి షేర్ టాక్సీ.

• నీళ్లలోకి దిగే ముందు ఒడ్డున కాసేపు నిలబడి చూడండి. అటూఇటూ నురగ లేస్తూ, మధ్యలో మాత్రం నీళ్లు నిమ్మళంగా కనిపిస్తే అది సముద్రంలోకి లాగేసే ప్రవాహం. ఈత వచ్చన్న ధీమా అక్కడ పనిచేయదు. చిక్కుకుంటే ఎదురీదకండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. బోర్డు తాడు కాలికి బిగించారో లేదో మరోసారి లాగి చూసుకోండి.